సాగింది తీగేనా? గిటార్ తీగ, బకెట్టు, నీళ్ళతో ఇంట్లోనే యంగ్ గుణకం కొలవడం

గిటార్ మొదటి తీగని మీటరు పొడవున వేలాడదీసి కింద కిలో బరువు కడితే, అది దాదాపు ఒక మిల్లీమీటరు సాగుతుంది. బరువు తీసేస్తే ఆ మిల్లీమీటరూ వెనక్కి వచ్చేస్తుంది. స్థితిస్థాపకత గురించి ఇంటర్‌లో చదువుకునేదంతా ఈ ఒక్క మిల్లీమీటరు చుట్టూనే తిరుగుతుంది. కానీ దాన్ని కళ్ళారా చూసినవాళ్ళు తక్కువ. నేను చదువుకున్న కాలేజీ ల్యాబులో ఈ ప్రయోగానికి సీనియర్ల రికార్డులోని రీడింగులే తరతరాలుగా దిగుమతయ్యేవి. తీగ తుప్పు పట్టినా రీడింగులు మాత్రం తళతళలాడేవి.

ఈ మార్గదర్శి ప్రకారం చేస్తే ఒక ఆదివారం పూటలో, ఇంట్లో ఉండే సామానుతోనే ఉక్కు యంగ్ గుణకాన్ని నాలుగైదు శాతం తేడాతో పట్టుకోవచ్చు. అయితే ఒకటి ముందే చెప్పాలి. ఇందులో కష్టమంతా తీగని సాగదీయడంలో లేదు. సాగింది నిజంగా తీగేనా, లేక కొక్కెం వంగిందా, ముడి జారిందా, మెలిక విప్పుకుందా అని తేల్చుకోవడంలోనే ఉంది. అందుకే కింది మెట్లలో కొన్నిచోట్ల ఎక్కువసేపు ఆగుతాను.

ముందు మూడు మాటలు

ఒకే బరువుకి సన్న తీగ ఎక్కువ సాగుతుంది, లావు తీగ తక్కువ సాగుతుంది. పొడవు రెట్టింపైతే సాగుదలా రెట్టింపవుతుంది. ఇలా కొలతల మీద ఆధారపడే లెక్క నుంచి పదార్థం గుణాన్ని విడదీయాలంటే రెండు భాగహారాలు చేయాలి. బలాన్ని అడ్డుకోత వైశాల్యంతో భాగిస్తే వచ్చేది ప్రతిబలం. సాగిన పొడవుని అసలు పొడవుతో భాగిస్తే వచ్చేది వికృతి. ప్రతిబలాన్ని వికృతితో భాగిస్తే యంగ్ గుణకం. ఉక్కుకి ఇది సుమారు 200 గిగాపాస్కల్‌లు (పాస్కల్ అంటే చదరపు మీటరుకి ఒక న్యూటన్ బలం, గిగా అంటే వంద కోట్లు), రాగికి 120 దరిదాపుల్లో, అల్యూమినియానికి 70.

సాగుదల బరువుకి అనుపాతంలో ఉంటుందని కనిపెట్టింది రాబర్ట్ హుక్. 1676లో ఆ సంగతిని అక్షరాలు కలగాపులగం చేసిన పొడుపుకథలా అచ్చువేసి, 1678లో గాని విప్పి చెప్పలేదు. ఎవరైనా తన్నుకుపోతారని భయం! థామస్ యంగ్ పేరు మీద చలామణీ అవుతున్న గుణకం 1807 నాటిది. అంతకుముందే ఆయిలర్ ఈ ఆలోచన చేశాడు గాని, పేరు మాత్రం యంగ్‌కే దక్కింది.

రబ్బరు బ్యాండు అంత బాగా సాగుతుంది కదా, మరి ఉక్కు ఎక్కువ స్థితిస్థాపకమని పుస్తకంలో ఎందుకుంది అని ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు అడుగుతారు. భౌతికశాస్త్రం చూసేది ఎంత సాగిందన్నది కాదు, సాగదీయడానికి ఎంత బలం కావాలన్నది. ఆ లెక్కన ఉక్కు ముందు రబ్బరు వేలో వంతు కూడా తూగదు. పైగా రబ్బరు బ్యాండుకి బరువులు పెంచుతూ, దించుతూ గ్రాఫు గీస్తే పోయిన దారినే వెనక్కి రాదు. రెండు గీతల మధ్య సందు మిగులుతుంది. ఆ సందు మేరకు శక్తి వేడిగా మారిపోతుంది.

ఏ తీగ, ఎందుకు

పేరు చెప్పి మరీ గిటార్ తీగే ఎందుకంటున్నానంటే, మూడు కారణాలున్నాయి. ఇది సన్నం, అంటే తక్కువ బరువుకే చూడగలిగినంత సాగుతుంది. చాలా గట్టిది, 6 కిలోలు వేలాడదీసినా దాని స్థితిస్థాపక అవధి, అంటే దాటితే మళ్ళీ పూర్తిగా వెనక్కి రాని హద్దు, దరిదాపుల్లోకి పోదు. మూడోది, మందం ప్యాకెట్టు మీదే రాసి ఉంటుంది. ఎలక్ట్రిక్ గిటార్ సెట్లలో బాగా దొరికే మొదటి తీగ 0.010 అంగుళాలది, అంటే 0.254 మిల్లీమీటర్లు. చుట్టు లేని ఒంటి ఉక్కు తీగ కావాలి. మంద్ర స్థాయి తీగల మీద మరో తీగ చుట్టి ఉంటుంది, అవి ఈ లెక్కకి పనికిరావు.

ఈ తీగని గిటార్ మీద శ్రుతి చేసినప్పుడే దాదాపు 7 కిలోల బరువు లాగినంత టెన్షన్‌లో ఉంటుంది. నెలల తరబడి అలాగే ఉంటుంది కూడా. కాబట్టి మన బకెట్టు దానికి కొత్త కాదు.

మిగతా సామాను: మూతలేని ప్లాస్టిక్ బకెట్టు, లీటరు నీళ్ళ సీసా, వంటింటి త్రాసు, రెండు స్టీలు స్కేళ్ళు, ఫోను, ఆక్వేరియానికి వాడే సన్న పైపు, బోల్టు, నట్టు, రెండు వాషర్లు, సెల్లోటేపు. ఇంకా కంటికి కళ్ళజోడు. చదువుకునే కళ్ళజోడైనా సరే, ఏదీ లేకుండా మాత్రం వద్దు. తెగిన తీగలో ఉండే శక్తి తక్కువే, అయితే కంటిగుడ్డుకి అదే ఎక్కువ. బకెట్టు కింద పాత దిండు పెట్టండి, కాళ్ళు దాని కిందికి పోనివ్వకండి.

మొదటి మెట్టు: మందాన్ని తూకం వేసి తెలుసుకోవడం

మొత్తం ప్రయోగంలో ఎక్కువ తప్పు దూరేది ఇక్కడే. వైశాల్యంలో వ్యాసం వర్గమై కూర్చుంటుంది కాబట్టి, వ్యాసంలో వచ్చిన తప్పు రెండింతలై జవాబులోకి వస్తుంది. తీగల మందం కొలిచే స్క్రూగేజీ కనీసపు కొలత 0.01 మిల్లీమీటరు. 0.25 మిల్లీమీటర్ల తీగ మీద అది 4 శాతం. వైశాల్యంలో 8 శాతం. ఉక్కుకి 185 వచ్చినా 215 వచ్చినా నోరు మెదపలేని పరిస్థితి.

దీనికి అడ్డదారి ఒకటుంది. స్క్రూగేజీ పక్కన పెట్టి బంగారం కొట్టుకి వెళ్ళండి. వాళ్ళ త్రాసు మిల్లీగ్రాము దాకా చూపిస్తుంది. తీగ చివరనున్న ఇత్తడి పూసని కత్తిరించి, మిగిలిన ముక్క పొడవు కొలిచి, తూయమని అడగండి. (రెండు తీగలు కొనుక్కోండి. తూకానికి ఒకటి, వేలాడదీయడానికి ఒకటి. ఒకే ప్యాకెట్టు రకమైతే మందం ఒకటే.) నేను వెళ్ళిన కొట్టాయన తీగ వంకా నా వంకా మార్చి మార్చి చూసి, డబ్బులేమీ తీసుకోకుండా తూచిపెట్టాడు. 98 సెంటీమీటర్ల ముక్క 0.390 గ్రాములు తూగింది.

ఉక్కు సాంద్రత ఘన సెంటీమీటరుకి 7.85 గ్రాములు. 0.390ని 7.85తో, ఆ వచ్చినదాన్ని 98తో భాగిస్తే 0.000507 చదరపు సెంటీమీటర్లు. అంటే 0.0507 చదరపు మిల్లీమీటర్లు. ప్యాకెట్టు మీది 0.254 మిల్లీమీటర్ల వ్యాసంతో లెక్కేసినా అంతే వస్తుంది. తూకంలో ఒక మిల్లీగ్రాము అటూ ఇటూ అయినా తప్పు పావు శాతమే. వ్యాసం ఊసే లేకుండా వైశాల్యం నేరుగా చేతికొచ్చింది చూశారా, అదే దీనిలోని సుఖం.

రెండో మెట్టు: వేలాడదీయడం

పైన పట్టు గట్టిగా ఉండాలి. ఇంట్లో ఉయ్యాల కొక్కెం ఉంటే అంతకు మించినది లేదు. స్లాబులో దింపిన ఇనుప కడ్డీ అది. లేకపోతే గోడలో దిగ్గొట్టిన కిటికీ గ్రిల్లు పైకమ్మీ. బట్టల దండెం రాడ్డు, కర్టెన్ రాడ్డు, తలుపు మీద మేకు వద్దు.

దండెం రాడ్డు ఎందుకు వద్దో అనుభవం మీద చెబుతున్నాను. మొదటిసారి నేను బాల్కనీలో దాని మీదే తీగ కట్టాను. రీడింగులు ముచ్చటగా సరళరేఖ మీద కూర్చున్నాయి. గుణకం మాత్రం 130 గిగాపాస్కల్‌ల దగ్గర తేలింది. ఉక్కు అని కొన్నది రాగికి దగ్గరగా వచ్చింది! రెండు రోజులు తీగ కల్తీ అనే అనుకున్నాను. తరవాత రాడ్డు మధ్యలో స్కేలు ఆనించి చూస్తే, కిలోకి దాదాపు 0.4 మిల్లీమీటరు చొప్పున రాడ్డే కిందికి వంగుతోంది. వంగడం కూడా హుక్ నియమం ప్రకారమే జరుగుతుంది కాబట్టి గ్రాఫు సరళరేఖగా వచ్చింది. గీత తిన్నగా వచ్చినంత మాత్రాన కొలిచింది సరైనదని కాదని ఆరోజు తెలిసింది.

పై చివరన ఇత్తడి పూస ఉంటుంది, దాని రంధ్రంలోంచి తీగనే దూర్చి ఉచ్చులా చేసి కొక్కేనికి తగిలించవచ్చు. కింది చివర ముడి వేయకండి. ముడి దగ్గర తీగ గట్టిగా మడతపడుతుంది, ప్రతిబలం అంతా అక్కడే పోగుపడుతుంది, తెగితే అక్కడే తెగుతుంది. దానికి బదులు బోల్టు నున్నటి భాగం చుట్టూ నాలుగైదు చుట్లు చుట్టి, చివరని రెండు వాషర్ల మధ్య పెట్టి నట్టు బిగించండి. బావి గిలక మోకుని గుంజకి చుట్లేసి ఆపినట్టే ఇదీ. లాగుడంతా చుట్ల రాపిడి మీదే పోతుంది, నట్టు దాకా కొసరే వస్తుంది. బోల్టుకి బకెట్టు కాడ తగిలించండి.

మూడో మెట్టు: రెండు జెండాలు

ఎంత గట్టి కొక్కెమైనా కొంచెం కదులుతుంది. పై ఉచ్చు కొంచెం బిగుసుకుంటుంది. కింద బోల్టు చుట్లు కొంచెం జారుతాయి. వీటిని ఆపలేం. ఆపనక్కర్లేదు కూడా. తీగ మధ్య భాగాన్ని మాత్రమే కొలిస్తే చాలు.

పై ఉచ్చుకి ఐదారు సెంటీమీటర్లు కిందగా సెల్లోటేపు ముక్కని తీగ చుట్టూ మడిచి జెండాలా అంటించండి. దాని మీద సన్న పెన్నుతో అడ్డగీత గీయండి. అక్కడి నుంచి సరిగ్గా 80 సెంటీమీటర్లు కిందికి రెండో జెండా. ఈ 80 సెంటీమీటర్లే మన తీగ అసలు పొడవు. ఇది గీతల మధ్య దూరమే గాని తీగ మొత్తం పొడవు కాదని గుర్తుంచుకోండి. రెండు జెండాల పక్కనా రెండు స్టీలు స్కేళ్ళు గోడకి అంటించండి, తీగకి తగలకుండా.

బరువు పెంచినప్పుడు పై జెండా ఎంత దిగిందో, కింది జెండా ఎంత దిగిందో రెండూ రాయాలి. కింది దానిలోంచి పై దాన్ని తీసేస్తే మిగిలేది అచ్చంగా తీగ సాగుదల. కొక్కెం వంగినా, ఉచ్చు బిగిసినా రెండు జెండాలూ కలిసే దిగుతాయి కాబట్టి తీసివేతలో పోతుంది. దండెం రాడ్డు మీద ఈ పద్ధతి వాడి ఉంటే నా రెండు రోజులు దక్కేవి.

కంటితో చదివితే అర మిల్లీమీటరుకి మించి నమ్మలేం. ఫోనుని పుస్తకాల దొంతర మీద కదలకుండా పెట్టి, జెండా ఎత్తుకి సరిగ్గా ఎదురుగా ఉంచి, టైమర్ పెట్టి ఫొటో తీయండి. తరవాత ఫొటోని పెద్దది చేసి చూస్తే స్కేలు మీద ఒక సెంటీమీటరుకి నాలుగు వందల పిక్సెళ్ళు వచ్చాయనుకోండి, ఒక్కో పిక్సెల్ 0.025 మిల్లీమీటరు. రెండు మూడు పిక్సెళ్ళు అటూ ఇటూ అయినా 0.05 దాకా ధీమాగా చెప్పవచ్చు. ఫోను ఎత్తు మధ్యలో మారిస్తే మాత్రం అంతా మొదటికి. కింది నుంచి చూస్తే ఒక రీడింగు, పైనుంచి చూస్తే ఇంకొకటి వస్తాయి.

నాలుగో మెట్టు: నీళ్ళు పోయడం

కొత్త తీగ చుట్టగా ఉండి వచ్చింది కాబట్టి వంకరలు ఉంటాయి. వంకర నిటారు కావడం సాగుదల కాదు, కానీ కిందకి దిగడం మాత్రం అచ్చం అలాగే కనిపిస్తుంది. అందుకే ముందు బకెట్టుతో కలిపి కిలో అయ్యేలా నీళ్ళు పోసి, ఆ స్థితినే సున్నా అనుకోవాలి. ఒకసారి 5 కిలోల దాకా పెంచి, మళ్ళీ కిలోకి దించండి. ఇది లెక్కలోకి రాని ఉత్తుత్తి విడత. ఉచ్చులు బిగుసుకోవడం, చుట్లు సర్దుకోవడం అన్నీ ఇందులో అయిపోతాయి. వీణకి గాని గిటార్‌కి గాని కొత్త తీగ వేసినప్పుడు మొదటి గంట శ్రుతి దిగిపోతూ ఉంటుంది. అది చాలావరకు ఈ సర్దుబాటే.

ఇప్పుడు అసలు విడత. లీటరు నీళ్ళు పోయండి, అంటే కిలో పెరిగినట్టు. మెల్లగా, బకెట్టు అంచు వెంట పోయాలి. ఊగడం ఆగేదాకా ఒక నిమిషం ఆగి ఫొటో తీయండి. ఇంకో లీటరు. ఇలా ఐదు లీటర్ల దాకా. బకెట్టుతో కలిపి మొత్తం 6 కిలోలు. అంతకు మించి అవసరం లేదు.

తరవాత దించడం. మగ్గుతో తోడితే బకెట్టు కుదుపుకి లోనవుతుంది. సన్న పైపుని నీళ్ళతో నింపి, ఒక చివర బకెట్టు నీళ్ళలో ముంచి, రెండో చివర కింద సీసాలోకి వదిలితే, నీళ్ళు వాటంతట అవే నిమ్మళంగా దిగుతాయి. లీటరు నిండగానే పైపు నొక్కిపట్టి, బయటికి తీసేసి ఫొటో తీయండి. బకెట్టులో మునిగిన పైపు, కాస్త ఆనిన చెయ్యి కూడా బరువే.

నాకు వచ్చిన సాగుదలలు, కింది జెండాలోంచి పై జెండా తీసేశాక, మిల్లీమీటర్లలో:

1 కిలో: ఎక్కేటప్పుడు 0.75, దిగేటప్పుడు 0.80
2 కిలోలు: 1.55, 1.55
3 కిలోలు: 2.30, 2.35
4 కిలోలు: 3.10, 3.10
5 కిలోలు: 3.85

చివరికి సున్నాకి వచ్చేసరికి 0.00. ఈ ఆఖరి సున్నా చాలా ముఖ్యం. అది రాకపోతే, అంటే 0.3 లాంటిదేదో మిగిలిపోతే, టేపు జెండా తీగ మీద జారిందని అర్థం. ఈ బరువులకి ఆ ఉక్కు శాశ్వతంగా సాగిపోయే ప్రశ్నే లేదు. సున్నాకి రాని విడతని నేను లెక్కలోకి తీసుకోను, జెండాలు మార్చి మళ్ళీ మొదలుపెడతాను.

ఎండ పడుతున్న కిటికీ దగ్గర చేయకండి. ఉక్కు ఒక్కో డిగ్రీకి మీటరుకి 0.012 మిల్లీమీటరు వ్యాకోచిస్తుంది. ఐదు డిగ్రీలు పెరిగితే మన 80 సెంటీమీటర్లు 0.05 మిల్లీమీటరు పెరుగుతాయి. 60 గ్రాముల బరువు అదనంగా పెట్టినట్టే.

ఐదో మెట్టు: లెక్క

గ్రాఫు కాగితం మీద అడ్డంగా బరువు, నిలువుగా సాగుదల వేసి, చుక్కల మధ్యగా గీత గీయండి. వాలు కిలోకి 0.77 మిల్లీమీటరు వస్తుంది. ఒక్క 5 కిలోల రీడింగునే తీసుకుని లెక్క చేయవచ్చు కదా అంటే, చేయవచ్చు. కానీ అప్పుడు సున్నా రీడింగులోని తప్పు నేరుగా జవాబులోకి వస్తుంది. గీత వాలు తీసుకుంటే సున్నా ఎక్కడుందన్నది పట్టించుకోనక్కర్లేదు.

యంగ్ గుణకం = (బలం × అసలు పొడవు) ÷ (వైశాల్యం × సాగుదల)

న్యూటన్లు, మిల్లీమీటర్లలోనే ఉంచితే పదుల ఘాతాల గోల లేకుండా జవాబు నేరుగా మెగాపాస్కల్‌లలో వస్తుంది. కిలో అంటే 9.8 న్యూటన్లు. పైన 9.8 × 800 = 7840. కింద 0.0507 × 0.77 = 0.0390. భాగిస్తే సుమారు 2,01,000 మెగాపాస్కల్‌లు, అంటే 201 గిగాపాస్కల్‌లు.

ఇంత దగ్గరగా రావడంలో కొంత అదృష్టం కూడా ఉంది. మీకు 190 వచ్చినా 210 వచ్చినా ప్రయోగం బాగా చేసినట్టే. 150 కంటే తక్కువ వస్తే పై జెండా తీసివేత మరిచిపోయారేమో చూడండి. వైశాల్యాన్ని ప్యాకెట్టు మీది వ్యాసం నుంచి లెక్కేసినప్పుడు 800 చుట్టుపక్కల వస్తే, వ్యాసార్థం దగ్గర పొరపాటు జరిగిందన్నమాట. అంటే వ్యాసార్థాన్నే మళ్ళీ సగం చేశారు. వ్యాసాన్ని వ్యాసార్థమనుకుంటే 50 వస్తుంది.

ఇంకో చిన్న సంగతి. 5 కిలోల దగ్గర ప్రతిబలం దాదాపు 970 మెగాపాస్కల్‌లు, వికృతి అర శాతం కంటే కాస్త తక్కువ. సాగిన తీగ సన్నబడుతుంది కూడా కదా, అది కొలవగలమా అంటే కుదరదు. పొడవునా వచ్చే వికృతిలో ఎన్నో వంతు అడ్డంగా సన్నబడుతుందో చెప్పేది పాయిజాన్ నిష్పత్తి, ఉక్కుకి అది 0.3 దగ్గర ఉంటుంది. ఆ లెక్కన మన తీగ వ్యాసం తగ్గేది 0.0004 మిల్లీమీటరు. స్క్రూగేజీకి అది కనిపించదు.

కాలేజీ ల్యాబులో రెండో తీగ ఎందుకుంటుంది

ల్యాబులో ఉండే సర్ల్ పరికరంలో ఒకే ఆధారం నుంచి ఒకే రకం తీగలు రెండు పక్కపక్కనే వేలాడుతుంటాయి. ఒకదానికి బరువు మారదు. రెండోదానికి అర కిలో చొప్పున పెంచుతారు. రెండింటి మధ్యా మట్టం చూపే బుడగ గొట్టం (స్పిరిట్ లెవెల్), దాన్ని సరిచేయడానికి 0.01 మిల్లీమీటరు చదివే మైక్రోమీటరు స్క్రూ. దీన్ని రూపొందించింది కేంబ్రిడ్జిలోని కావెండిష్ ప్రయోగశాలలో పనిచేసిన జి.ఎఫ్.సి. సర్ల్. మన పై జెండా చేసే పనే ఆ రెండో తీగ చేస్తుంది. ఆధారం వంగితే రెండూ కలిసి దిగుతాయి. పైగా గది వేడెక్కితే రెండూ కలిసి పెరుగుతాయి, జెండాకి ఈ రెండో గుణం లేదు. 2 మీటర్ల పొడవు, అర మిల్లీమీటరు వ్యాసం ఉన్న ఉక్కు తీగ అర కిలోకి సాగేది పావు మిల్లీమీటరే. ఐదు డిగ్రీల వేడికి అది 0.12 పెరుగుతుంది. అంటే రెండో తీగ లేకపోతే ఫ్యాను వేసినప్పుడొక జవాబు, ఆపినప్పుడొక జవాబు వస్తాయి. పరీక్షలో దీని మీద వైవా ప్రశ్న ఖాయం.

స్క్రూని ఎప్పుడూ ఒకే దిక్కుకి తిప్పుతూ బుడగని మధ్యకి తెండి. దాటిపోతే బాగా వెనక్కి తిప్పి మళ్ళీ ముందుకి రండి. లేకపోతే మరలోని వదులు రీడింగులో చేరుతుంది. ఇక్కడ తీగ మందం ఎక్కువ కాబట్టి స్క్రూగేజీ పనికొస్తుంది. నాలుగైదు చోట్ల, ప్రతిచోటా ఒకదానికొకటి లంబంగా రెండు దిక్కుల్లో కొలవాలి. స్క్రూగేజీ సున్నా దోషం మరిస్తే మిగతా కష్టమంతా వృథా.

ఆరో మెట్టు: తిరిగి రాని తీగ

ఉక్కు దగ్గర ఆగిపోతే సగం కథే తెలిసినట్టు. మోటారు రివైండింగ్ షాపులో 26 గేజి రాగి తీగ రెండు మీటర్లు అడగండి. దాని మందం 0.457 మిల్లీమీటర్లు, పైనున్న ఎనామిల్ పూత కాకుండా. స్క్రూగేజీతో కొలిచేచోట పూతని బ్లేడుతో సుతారంగా గీకేయండి, రాగి మీద గాటు పడకుండా. ఇది కాల్చి మెత్తబరిచిన రాగి. గిటార్ తీగకి పూర్తిగా ఎదురు స్వభావం.

అదే కొక్కెం, అవే జెండాలు. జెండాల మధ్య ఈసారి మీటరు పెట్టండి. ఈ తీగకి 6 కిలోల బకెట్టు తగిలిస్తే అక్కడికక్కడే తెగుతుంది, కాబట్టి ఒక చిన్న డబ్బాలో 250 గ్రాముల చొప్పున నీళ్ళు పోస్తూ వెళ్ళండి. మొదట్లో సాగుదల పిసరంతే. పావు కిలోకి 0.12 మిల్లీమీటరు చుట్టుపక్కల ఉంటుంది. తరవాత ఎక్కడో, కిలో దాటకముందే కావచ్చు, పోసిన నీళ్ళకి మించి తీగ దిగడం మొదలవుతుంది. 2 కిలోలకి వచ్చేసరికి మిల్లీమీటర్లు పోయి సెంటీమీటర్లు వస్తాయి. నీళ్ళు పోయడం ఆపినా జెండా ఇంకా కాసేపు పాకుతూనే ఉంటుంది. ఫొటో తీసి, రెండు నిమిషాలాగి మళ్ళీ తీసి పోల్చండి.

ఇక్కడ డబ్బా దించేయండి. తీగ వెనక్కి వస్తుందా? వస్తుంది, కానీ ఒక్క మిల్లీమీటరే. మిగతా సెంటీమీటర్లు ఉండిపోతాయి. ఈ ఒక్క మిల్లీమీటరునే గమనించమంటాను. శాశ్వతంగా సాగిపోయిన తీగలో కూడా స్థితిస్థాపకత ఎక్కడికీ పోలేదు. పరమాణువుల మధ్య బంధాలు సాగి వెనక్కి ముడుచుకునే భాగం ఎప్పటిలాగే ముడుచుకుంది. స్ఫటికంలో పొరలు ఒకదాని మీదుగా ఒకటి జరిగిపోయిన భాగం మాత్రం జరిగినచోటే ఉండిపోయింది. ఈ రెండూ వేరువేరు పనులు.

ఇప్పుడు అదే డబ్బా మళ్ళీ తగిలించి నీళ్ళు పోయండి. ఈసారి 2 కిలోల దాకా తీగ మొండికేస్తుంది. ఇందాక పావుకిలోలకే లొంగిన తీగ, ఇప్పుడు ఉక్కులాగా తిన్నని గీత మీద నడుస్తుంది. జరిగిన పొరలు ఒకదానికొకటి అడ్డుపడుతున్నాయి. కంసాలికి ఇది పుస్తకం చదవకుండానే తెలుసు. కమ్మచ్చులోంచి తీగని ఒక్కో బెజ్జం దాటిస్తూ లాగుతుంటే రెండు మూడు విడతలకే బిరుసెక్కుతుంది. అప్పుడు నిప్పుల మీద కాల్చి మెత్తబరిచి మళ్ళీ లాగుతాడు. మన గిటార్ తీగ కథా ఇదే, కాకపోతే దాన్ని చివరి లాగుడు తరవాత కాల్చకుండా వదిలేశారు. ఆ బిరుసే దాని బలం.

అయితే బలం వేరు, బిగువు వేరు. సెంట్రింగ్ కమ్మీలు కట్టే బైండింగ్ వైరు మెత్తటి ఇనుము. చేత్తో మెలేస్తే లొంగుతుంది. గిటార్ తీగ ప్రతి చదరపు మిల్లీమీటరుకీ అది మోసేదానికి ఐదారు రెట్లు మోస్తుంది. కానీ లొంగకముందు రెండింటి యంగ్ గుణకం దాదాపు ఒకటే. బిరుసెక్కించినా, కాల్చినా, కాస్త కార్బన్ కలిపినా తెగే బరువు మారుతుంది గాని, గుణకం పెద్దగా కదలదు. గుణకం పరమాణు బంధాల సొత్తు. నాణ్యమైన ఉక్కు వాడితే దూలం తక్కువ వంగుతుందని మేస్త్రీలు అనుకుంటుంటారు. ఒకే కొలతలైతే అంతే వంగుతుంది. తక్కువ వంగాలంటే దూలం లోతు పెంచాలి.

చివరగా, రాగి తీగని తెంపేయండి. (గిటార్ తీగని మాత్రం ఎప్పుడూ తెంపకండి.) 3 కిలోలు దాటాక చాలా మెల్లగా పోయండి. మీటరు తీగ ఇరవై సెంటీమీటర్లో అంతకన్నా ఎక్కువో సాగి, 3 నుంచి 4 కిలోల మధ్య తెగుతుంది. తెగేముందు తీగలో మధ్యభాగం మందం స్క్రూగేజీతో చూడగలిగితే చూడండి. ఇరవై శాతం సాగిన తీగ 0.457 నుంచి 0.42 దరిదాపులకి దిగుతుంది. ఉక్కులో కనిపించని సన్నబడటం ఇక్కడ స్క్రూగేజీకి కనిపిస్తుంది. డబ్బా దిండు మీద పడ్డాక తెగిన కొసని ఫోను కెమెరా దగ్గరగా పెట్టి చూడండి. కత్తెరతో కోసినట్టు ఉండదు. చివరి మిల్లీమీటరులో తీగ నడుము సన్నగిల్లి, చెక్కిన పెన్సిల్ ముల్లులా మొనదేలి ఉంటుంది.